కణాలను పస్తుంచలేని చిన్నకోడలు

చిన్నకోడలు గెలిచిన మొదటి గెలుపు ఆవగింజంత. ఎవరో ఒకామె రొమ్ములోంచి డాక్టర్లు కోసి తీసిన గడ్డలో చిన్న ముక్కను, మనిషి ఒంటికి బయట, మూతపెట్టిన ప్లాస్టిక్ పళ్ళెంలో ఆమె బతికించింది. అంతకు ముందు ఏడాదిన్నర పాటు ఆ ప్రయోగశాలకు వచ్చిన ముక్కలన్నీ చచ్చాయి. కొన్ని బూజు పట్టి చచ్చాయి, కొన్ని ఎండిపోయి చచ్చాయి, కొన్ని ఏ కారణమూ చెప్పకుండానే పోయాయి. ప్రతిసారీ ఆమె పాత పళ్ళెం పారేసి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, కొత్త పళ్ళెం తెరిచింది. చివరికొక పొద్దున మైక్రోస్కోపులో చూస్తే, అప్పటిదాకా నీళ్ళలో దుమ్ములా తేలిన కణాలు పళ్ళెం అడుగును పట్టుకుని, తడినేల మీద నారు కుదురుకున్నట్టు కుదురుకుని ఉన్నాయి.

పెద్దమేడమ్ వచ్చి చూసింది. పెద్దమేడమ్ అంటే ఆ ప్రయోగశాలను నడిపే ఆవిడ. మాటల్లో పిసినారి, మెచ్చుకోళ్ళలో అయితే మరీను. చాలాసేపు కన్ను ఎత్తకుండా చూసి, "అతుక్కున్నాయి" అంది. అంతే. ఆ ఒక్క ముక్కను చిన్నకోడలు సన్మానపత్రంలా జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకుంది.

ఇంట్లో అత్తగారు ఆరిన బట్టలు మడతపెడుతోంది. అంతా విని, "ఏమిటే అతుక్కున్నది?" అని అడిగింది.

"క్యాన్సర్ కణాలు, అత్తయ్యా."

"అవి అతుక్కుంటే మనకు సంతోషమా?"

ముందుగదిలో కుట్టుమిషను ఆగింది. దాని వెనకనుంచి పెద్దకోడలు తల ఎత్తి, "మన చిన్నది పాముకు పాలు పోసి పెంచే ఉద్యోగంలో కుదిరింది అత్తయ్యా. పైగా జీతం కూడా ఇస్తారట" అంది.

ఇల్లంతా నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. చిన్నకోడలు ఏడవలేదు గాని, ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. అది మరుపో, పట్టుదలో ఇప్పటికీ తేలలేదు.

అలాగని తోడికోడళ్ళిద్దరికీ పడదనుకుంటే పొరపాటు. పెద్దకోడలిని వీధంతా కత్తెరక్క అంటుంది. కొలతటేపు మెళ్ళో, గుండుసూదులు పెదాల మధ్య, మాట ఆ సూదులకంటే వాడి. చిన్నకోడలు కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఉద్యోగానికి వేసుకెళ్ళే బట్టలన్నీ అడగకుండానే కుట్టిపెట్టింది ఆమే. కుట్టినంతసేపూ తిట్టింది కూడా. "భుజాలు ఇలా కుంగదీసుకుని వెళితే ఎవరు పని ఇస్తారే నీకు" అంటూ భుజం దగ్గర గుడ్డ ఎత్తి కుట్టింది. ఆ బట్ట తొడుక్కుంటే మనిషి తనంతట తానే నిటారుగా నిలబడేది.

ఇక చిన్నకోడలు సాధించినవి చెప్పుకోవాలంటే ఒకటా రెండా. ఆ ఇంటికి వచ్చిన కోడళ్ళలో ల్యాబు చదువు చదివి, మొదటిసారి తప్పి, రెండోసారి కూర్చుని మొదటి తరగతిలో పాసైంది ఆమే. ముప్పై ఏళ్ళ వయసులో సైకిలు నేర్చుకుంది, రెండు మోకాళ్ళూ చెక్కుకుపోయినా ఇంట్లో ఎవరికీ చూపించలేదు. ప్రయోగశాల పాత భవనంనుంచి కొత్త భవనానికి మారిన రోజున వాన పడి, కణాలుంచే వెచ్చటి పెట్టెకు కరెంటు అందలేదు. చల్లబడితే కణాలు దక్కవు. మూతలు బిగించిన సీసాలను గుడ్డలో చుట్టి, కోటు లోపల కడుపుకు ఆనించుకుని, వానలో బస్సెక్కి కూర్చుంది. పక్కసీటు ముసలామె "ఎన్నో నెలమ్మా" అని అడిగితే, "దగ్గరపడిందండీ" అంది. ఒక్క సీసా కూడా చెడలేదు. ఆమె పెంచిన కణాలు ఇవాళ మంచుగడ్డల పెట్టెల్లో ఊళ్ళు దాటి, పెద్దపెద్ద ప్రయోగశాలలకు వెళుతున్నాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఆమె రచ్చ ముందే గెలిచింది, ఇంట గెలవడానికే ఇంత కాలం పట్టింది. ఈ కథ దాని గురించే.

ఆమె పనిచేసే గది చిన్నది. అద్దాల తలుపు, తెల్లటి దీపం, ఎప్పుడూ ఒకే శ్రుతిలో మోగే గాలి. ఆ మోతలో కాసేపు కూర్చుంటే బయట ఎండో వానో గుర్తుండదు. వెచ్చటి పెట్టె తెరిస్తే లోపలి గాలి మనిషి ఊపిరిలా ముఖానికి తగులుతుంది. అరలమీద పళ్ళేలు, పళ్ళేల్లో గులాబిరంగు నీళ్ళు. అదే వాటి ఆహారం. అందులో పంచదార ఉంటుంది, ఉప్పుంటుంది, దూడ నెత్తురునుంచి తీసిన తేట ఉంటుంది. కణాలు తిని పెరిగేకొద్దీ ఆ గులాబిరంగు మెల్లగా పసుపులోకి తిరుగుతుంది. అప్పుడు పాతనీళ్ళు పీల్చేసి కొత్తనీళ్ళు పొయ్యాలి. రోజూ అదే పని. ఒక పళ్ళెం తర్వాత ఇంకో పళ్ళెం, మూత ఎత్తడం, పీల్చడం, పొయ్యడం, మూత వెయ్యడం. చేతులు అలా సాగుతూ ఉంటే ఆమె మనసు ఎక్కడెక్కడికో తేలిపోయేది. నిద్రపోతున్న పెద్ద వసతిగృహంలో చెంబు పట్టుకుని మంచం మంచం దగ్గరా ఆగుతూ తిరుగుతున్నట్టు ఉండేది ఆమెకు. పిల్లలు లేని ఆమె ఆ గదిని ఏమనుకునేదో మనం అడగకూడదు.

ఆ కణాల గుట్టు ఆమె ఇంట్లోవాళ్ళకు చెప్పిన తీరులోనే చెబితే అందరికీ తెలుస్తుంది. మన ఒంట్లో ప్రతి కణానికీ పైపొరమీద చెవుల్లాంటివి ఉంటాయి. రిసెప్టర్లంటారు. ఒంట్లోని తడిలో తిరుగుతూ కొన్ని పదార్థాలు ఆ చెవులకు కబురు చెబుతాయి. వాటిని గ్రోత్ ఫ్యాక్టర్లంటారు. దెబ్బ తగిలింది, కాస్త పెరిగి పూడ్చండి. బిడ్డ పుట్టబోతోంది, పాలగదులు సిద్ధం చేయండి. ఇలాంటి కబుర్లు. చెవిలో పడ్డ మాట కణం లోపల, బావి దగ్గర వరసగా నిలబడ్డవాళ్ళు బిందె అందించుకున్నట్టు, చేతినుంచి చేతికి మారి నడిగదికి, అంటే కేంద్రకానికి, చేరుతుంది. పని అయ్యాక కబురు ఆగుతుంది, కణం ఊరుకుంటుంది. మంచి కణానికి ఆగడం తెలుసు.

కొన్ని రొమ్ము క్యాన్సర్లలో హెర్-టూ అనే చెవి ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు మొలుస్తుంది. కణం ఒళ్ళంతా చెవులే అవుతాయి. సంతలో జనంలా ఒకదాన్నొకటి రాసుకుంటూ, ఎవరూ ఏమీ చెప్పకుండానే కబురు వచ్చిందనుకుని లోపలికి అరుస్తాయి. లోపలివాళ్ళకేం తెలుసు, నిజమనే నమ్ముతారు. పెరుగు, రెండుగా చీలు, చావకు, కదులు. ఆజ్ఞ మీద ఆజ్ఞ. వాటిలో చివరిదే చెడ్డది. ఉన్నచోట పెరిగితే గడ్డ అవుతుంది, కోసి తియ్యొచ్చు. కదలడం మొదలుపెడితే పక్కవాళ్ళ చెయ్యి వదిలించుకుని, రక్తంలోకో, చంకలోని గ్రంథుల్లోకో జారి, ఎముకల్లోనో కాలేయంలోనో కొత్త కాపురం పెడుతుంది.

ఆ కబురు ఎలా నడుస్తుందో చూడాలంటే పెద్దమేడమ్ కణాలను ముందు పస్తుంచమనేది. దూడ నెత్తుటి తేటలో సవాలక్ష కబుర్లు కలిసి ఉంటాయి కాబట్టి, ఒకరోజు ఆ తేట లేని నీళ్ళలో ఉంచితే అంతా సద్దుమణుగుతుంది. ఆ నిశ్శబ్దంలో ఒక్క చుక్క కబురు వేస్తే ఎవరు విన్నారో తెలుస్తుంది. పస్తు పళ్ళేలకు ఎర్రచీటీ అంటించి పక్క అరలో పెడతారు. చిన్నకోడలికి ఈ ఒక్క పనే గిట్టేది కాదు. ఇంటికొచ్చినవాళ్ళు ఎవరైనా సరే తినకుండా వెళితే నిద్రపట్టని మనిషి. ఎర్రచీటీ అంటిస్తూ ఆ పళ్ళేలను చూడకుండా తల తిప్పుకునేది. పెద్దమేడమ్ అది గమనించి ఒకసారి, "అవి ఏడవవు, నువ్వు ఏడవకు" అంది.

ఇలా ఉండగా కత్తెరక్క తనకోసం ఒక కొత్త జాకెట్టు కుట్టుకుంది. తొడుక్కుని అద్దం ముందు నిలబడితే ఎడమవైపు ముడత. విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ ముడత. రొమ్ము దగ్గర మడిచి కుట్టే టక్కు తప్పు పడిందేమోనని దాన్ని పూర్తిగా ఊడదీసి, కొలతలు తీసుకుని, మూడోసారి కుట్టింది. ఊరందరి ఒంటి వంకరలనూ గుడ్డతో సర్దేసిన మనిషికి, తప్పు కుట్టులో ఉంటుంది గాని ఒంట్లో ఉంటుందని తోచలేదు. వారాలు గడిచాయి. ఒకరోజు చిన్నకోడలు వెనక హుక్కులు పెడుతూ, "అక్కా, కుట్టు బాగానే ఉంది" అని, మిగతా మాట మింగేసింది. జాకెట్టు వదులు చేసి చూస్తే, ఎడమ రొమ్ము మీద చర్మమే లోపలికి ముడుచుకుని ఉంది. కింద చింతగింజలా గట్టిగా తగిలింది.

ఆస్పత్రి, సూదిపరీక్ష, ఆపరేషను, అన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి. గడ్డ తీశారు. చంకలో గ్రంథులు కొన్ని తీశారు. ఒక గ్రంథిలో కణాలు కనిపించాయన్నారు. పరీక్షలో హెర్-టూ మూడు ప్లస్ అని తేలింది. ఆ మాట వినగానే ఇంట్లో మిగతావాళ్ళు డాక్టరు ముఖం చూశారు, చిన్నకోడలు నేలను చూసింది. ఆ మూడు ప్లస్ అంటే కణం చుట్టూ గోధుమరంగు గిరిగీసినట్టు కనపడే రంగు. ఎన్నిసార్లు చూసిందో. అది ఎవరిదో తెలియడం మాత్రం ఇదే మొదటిసారి.

డాక్టరు చెప్పింది సూటిగానే చెప్పాడు. కొన్ని నెలలు క్యాన్సర్ మందు, దానితోపాటు హెర్-టూ చెవులకు అడ్డంపడే యాంటీబాడీ మందు, మూడు వారాలకొకసారి సెలైనులో, మొత్తం ఏడాది. నడుమ గుండె పరీక్షలు. చెవులు ఇన్ని ఉండటం పాత రోజుల్లో చెడ్డవార్త మాత్రమేనట, ఇప్పుడు అదే మందుకు గురి కూడానట.

మొదటి సెలైనుకే కత్తెరక్క గజగజ వణికింది. దుప్పట్ల మీద దుప్పట్లు కప్పారు. ఇంటికొచ్చాక వాంతులు. మూడు వారాలు తిరిగేసరికి దువ్వెనలో జుట్టు కుచ్చులుగా వచ్చింది. ఆమె ఆ కుచ్చును దారపుచుట్టలా చుట్టి కిటికీలోంచి పారేసి, "ఇక నేను వెళ్ళను" అంది.

ఇల్లు కదిలిపోయింది. పెద్దకొడుకు, అంటే ఆమె భర్త, అచ్చుకూటంలో పనిచేసే మెతక మనిషి, గోడకు ఆనుకుని సిరా అంటిన వేళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాడు. అత్తగారు బతిమాలింది, తర్వాత తిట్టింది, తర్వాత పక్కన కూర్చుని ఆమె పాదాలు నొక్కింది. దేనికీ లొంగలేదు.

"గడ్డ తీసేశారుగా అత్తయ్యా," అంది కత్తెరక్క. "గది ఊడ్చేశాక ఇంకా చీపురు పట్టుకుని తిరగడమెందుకు?"

చిన్నకోడలు ముందుకొచ్చి, ఊడ్చినా కంటికి కనపడని దుమ్ము ఉంటుందని, అది నడుస్తుందని చెప్పబోయింది. కత్తెరక్క ఆమె వైపు తిరిగింది. జుట్టు లేని నుదురు పెద్దదిగా, వింతగా, చిన్నపిల్లదిలా ఉంది.

"అక్కడ దాన్ని పెంచే చేత్తోనే ఇక్కడ నన్ను బతికిస్తావా?"

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. ఇన్నేళ్ళలో ఇదే హాస్యం ఎన్నోసార్లు ఆడింది ఆ ఇంట్లో. ఈసారి అది హాస్యం కాదు. చిన్నకోడలు చెప్పులు తొడుక్కుని పనికి వెళ్ళిపోయింది.

తర్వాతి సెలైను రోజు వచ్చింది, పోయింది. ఒక వారం ఆలస్యమైనా పర్వాలేదు, ఇంకా ఆలస్యమైతే చెప్పలేనని డాక్టరు ఫోనులో అన్నాడు. ఆ వారంలోనే కత్తెరక్క తిండి కూడా తగ్గించింది. కంచం ముందు కూర్చుంటుంది, మెతుకులు అటూ ఇటూ జరుపుతుంది, లేచిపోతుంది. ఒక పొద్దున చిన్నకోడలు ముద్ద కలిపి నోటిదాకా తెస్తే, మొహం తిప్పుకుంది.

ఆ మధ్యాహ్నమే ప్రయోగశాలలో పెద్దమేడమ్ ఒక పెద్ద ప్రయోగం పెట్టించింది. పళ్ళేల అడుగున చాపలా పరుచుకున్న కణాల మధ్య సన్నటి ప్లాస్టిక్ మొనతో గీత గీస్తారు. పొలంలో అడ్డంగా కాలిబాట తీసినట్టు ఖాళీ ఏర్పడుతుంది. తర్వాత పస్తు నీళ్ళు పోస్తారు. కణాలు ఊరుకుంటే బాట అలాగే ఉంటుంది. కదులు అనే ఆజ్ఞ అందితే ఇరువైపులనుంచీ పాకి బాటను మూసేస్తాయి. కొన్ని పళ్ళేలు మామూలు రొమ్ము కణాలవి, కొన్ని చెవులు ఎక్కువైన క్యాన్సర్ కణాలవి. ఆ క్యాన్సర్ పళ్ళేల్లో కొన్నింటికి మందు, కొన్నింటికి ఏమీ లేదు. అన్నింటికీ ఎర్రచీటీలు. రెండు వారాల తయారీ.

చిన్నకోడలు పెట్టె తెరిచింది. వెచ్చటి ఊపిరి ముఖానికి తగిలింది. గాలి మోతలో ఆమె కళ్ళు సగం మూసుకుపోయాయి. తిప్పుకున్న మొహం, కదలని పెదాలు, నోటిదాకా వెళ్ళి వెనక్కొచ్చిన ముద్ద, అవే కళ్ళముందు. ఎదురుగా ఆకలితో ఉన్నవాళ్ళు వరసగా పడుకుని ఉన్నారు. వాళ్ళు మొహం తిప్పుకోరు. చేతులు వాటంతట అవే సాగాయి. మూత ఎత్తడం, పీల్చడం, పొయ్యడం, మూత వెయ్యడం. గులాబిరంగు నీళ్ళు మెల్లగా పళ్ళెంలో నిండుతుంటే ఆమెకు ఎన్నాళ్ళకో కడుపు చల్లబడింది. పై వరసలో సగం పళ్ళేలకు పోసేసరికి సీసా ఖాళీ అయింది. సీసా కడగడానికి పెట్టి, చేతులు తుడుచుకుని, తేలికపడ్డ మనసుతో ఇంటికి వెళ్ళింది.

మరునాడు పొద్దున ఎర్రచీటీల మీద చెయ్యి పడ్డాక గాని ఆమెకు తెలివి రాలేదు. పస్తుంచాల్సినవాటికి కడుపునిండా పెట్టింది. పోసిన పళ్ళేల్లో బాట ఆనవాలు కూడా లేదు, పూర్తిగా మూసుకుపోయింది. వరస మొత్తాన్ని పక్కపక్కన పోల్చి చూడాలి కాబట్టి మిగతావి కూడా పనికిరావు.

ఆమె వెళ్ళి పెద్దమేడమ్‌కు ఉన్నదున్నట్టు చెప్పింది. పెద్దమేడమ్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "ఈ పని చేసినన్నేళ్ళలో నాకు తెలిసి పస్తు కణాలకు జాలిపడి అన్నం పెట్టింది నువ్వే," అంది. కోపంగానే అంది. ఆమె ముఖం చూసి, "ఇంట్లో ఎవరు తినడంలేదు?" అని అడిగింది.

చిన్నకోడలు చెప్పింది. చెప్పి, "ఎలాగూ ఇవి పారేసేవేగా మేడమ్. పారేసే ముందు మా అక్కకు ఒకసారి చూపించనా?" అంది. మంచి పళ్ళేలను బయటివాళ్ళకు చూపించడం ఆ గదిలో ఎన్నడూ లేదు. పెట్టెలోంచి తీసిన ప్రతిసారీ కణాలు చెదురుతాయి. చెడిన పళ్ళేలకు ఆ భయం లేదు. పెద్దమేడమ్ గడియారం చూసి, సాయంత్రందాకా పెట్టెలోనే ఉంచమంది.

కత్తెరక్కను తీసుకొచ్చే పని చిన్నకోడలు ఫోనులో అత్తగారికి అప్పజెప్పింది. ఏం చెప్పి ఒప్పించిందో అప్పటికి ఎవరికీ తెలియదు గాని, "నీ చిన్నది తప్పు చేసి ఉద్యోగం పోగొట్టుకునేట్టుంది, నువ్వు వెళ్ళి ఆ మేడమ్‌తో నాలుగు మాటలు చెప్పు" అందని తర్వాత తెలిసింది. కత్తెరక్క తలకు గుడ్డ బిగించి కట్టుకుని, యుద్ధానికి వచ్చినట్టు వచ్చింది. వచ్చేసరికి పెద్దమేడమ్ లేదు. తెల్లకోటు ఒకటి ఇచ్చారు. తొడుక్కుంటూనే దాని చంకల దగ్గర కుట్టు చూసి మొహం చిట్లించింది.

"ఎవరు కుట్టారే దీన్ని, గోనెసంచిలా?"

"కొన్నవి అక్కా."

"అందుకే."

చిన్నకోడలు ఆమెను ఎత్తుపీట మీద కూర్చోబెట్టి, ఒక్కో పళ్ళెం మైక్రోస్కోపు కింద పెట్టింది. మొదట మామూలు రొమ్ము కణాలు, పస్తులో ఉన్నవి. కత్తెరక్క సూదిలో దారం ఎక్కించేప్పుడు మూసినట్టు ఒక కన్ను మూసి, ఇంకో కన్ను ఆనించింది. చాలాసేపు చూసింది.

"రాళ్ళు పరిచిన బాటలా ఉంది. మధ్యలో ఖాళీ."

"నిన్న నేను గీసిందే. అవి నిద్రపోతున్నాయి. ఎవరూ పిలవలేదు కాబట్టి కదల్లేదు."

రెండోది క్యాన్సర్ కణాల పళ్ళెం. దానికీ పస్తే, దానికీ ఎవరూ ఏ కబురూ వెయ్యలేదు. బాట సగం మూసుకుపోయి ఉంది. అంచులనుంచి కణాలు కాళ్ళు చాపి, ఒకటొకటిగా గుంపు వదిలి, ఖాళీలోకి దిగుతున్నాయి. కదలిక కంటికి కనపడదు, కలలో మనం నడిచే నడకలా, చేరినచోటే తెలుస్తుంది. కత్తెరక్క చేతివేళ్ళు పీట అంచును పట్టుకున్నాయి.

"చీలిక దానంతటదే మూసుకుంటోంది," అంది. "కుట్టేవాళ్ళు లేకుండానే."

"తిండి కూడా లేకుండా అక్కా. పిలవని పేరంటానికి వెళ్ళినట్టు వెళుతున్నాయి."

"నాలో ఉన్నవి ఇవేనా?"

"ఇవి వేరే ఆమెవి. జాతి అదే."

కత్తెరక్క కన్ను తీయకుండానే అడిగింది. "కోసి తీసేలోపు నా దాంట్లోంచి ఎన్ని ఇలా దిగి వెళ్ళుంటాయి?"

"ఎవరికీ తెలీదు. వెళ్ళాయో లేదో కూడా తెలీదు. గ్రంథిలో కొన్ని కనిపించాయి కాబట్టి వెళ్ళి ఉండొచ్చనే మందు."

చిన్నకోడలు మూడో పళ్ళెం పెట్టింది. అవే కణాలు, అదే పస్తు, కాని నీళ్ళలో యాంటీబాడీ మందు కలిసి ఉంది. బాట చాలామటుకు తెరిచే ఉంది. ఆమెకు ఒక్కక్షణం ఇక్కడితో ఆపేద్దామనిపించింది. చూశావా, ఆగిపోయాయి అంటే చాలు, అక్క నమ్ముతుంది. అనేదాకా వచ్చి, ఊరుకుంది.

కత్తెరక్క కన్ను మాత్రం ఊరుకోలేదు. గుడ్డలో ఒక్క పోగు తప్పినా పట్టే కన్ను అది. "ఇటుపక్క చూడు. ఒకటి, కాదు, రెండు, దిగాయి."

"అవును అక్కా. దిగాయి."

"మందున్నా?"

"మందున్నా. అన్నింటినీ ఆపదు. ఎక్కువవాటిని ఆపుతుంది. ఒంట్లో అయితే దీనికి తోడు మన రక్షణ కణాలు కూడా వస్తాయంటారు. ఇక్కడ అవి లేవు."

కత్తెరక్క తల ఎత్తింది. కంటి చుట్టూ గుండ్రంగా అచ్చు పడి ఉంది. తోడికోడలిని కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"ఆగిపోయాయని చెప్పొచ్చుగా నువ్వు. నాకెలా తెలుస్తుంది?"

"నీకు తెలుస్తుంది అక్కా. తెలిసిన రోజున ఇక నా మాట ఏదీ వినవు."

కత్తెరక్క వెచ్చటి పెట్టె వైపు చూసి, దాని తలుపు మీద అరచెయ్యి ఆనించింది. బాగా ఆలోచించినప్పుడు గుడ్డ మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోవడం ఆమెకు అలవాటు. "పెంచకపోతే ఇది కనపడేది కాదు కదూ," అంది. అడిగినట్టు కాదు, తనలో తాను చెప్పుకున్నట్టు. తర్వాత కోటు విప్పి, చేతిలో తిరగేసి, "ఇలాంటివి ఎన్నున్నాయి ఇక్కడ? పంపించు ఇంటికి, చంకలు సరిచేస్తాను" అంది.

చిన్నకోడలు ఆ మూడు పళ్ళేలనూ బ్లీచింగు నీళ్ళలో పోసింది. ఏళ్ళుగా చేస్తున్న పనే. గులాబిరంగు ఒక్కక్షణంలో వెలిసిపోయింది.

ఇంటికెళ్ళాక కత్తెరక్క మందు మాట ఎత్తలేదు, ఎవరూ ఎత్తలేదు. మిషను ముందు కూర్చుని పెండింగులో పడ్డ బట్టలు కుట్టింది. కంచం ముందు కూర్చున్నప్పుడు మాత్రం సగం తింది. అత్తగారు కోడళ్ళిద్దరివంకా మార్చిమార్చి చూసి, వేడినీళ్ళు పెట్టే నెపంతో లోపలికి వెళ్ళిపోయింది. డాక్టరు ఇచ్చిన గడువు ఆఖరి పొద్దున, చిన్నకోడలు లేచి వచ్చేసరికి కత్తెరక్క తలుపు దగ్గర సంచి సర్దుకుని కూర్చుని ఉంది. సంచిలో దుప్పటి, మంచినీళ్ళ సీసా, కుట్టాల్సిన బొత్తాలు. "వణుకొస్తే కప్పడానికి నువ్వుండాలి, ఏమలా నిలబడ్డావు?" అంది.

ఆ రోజు వణుకు రాలేదు. మొదటిసారికి వచ్చినంత తర్వాత రాదని నర్సు ముందే చెప్పింది. నమ్మితేగా. సెలైను చుక్క చుక్కగా దిగుతుంటే కత్తెరక్క ఆ గొట్టంవంకే చూస్తూ, "ఇప్పుడు చెవులు మూస్తోందా?" అని అడిగింది. మూస్తోందంది చిన్నకోడలు. "ఎవరివి, నావి కూడానా? నువ్వు చెప్పేది వినపడటంలేదు" అని కళ్ళు మూసుకుని నవ్వింది. పక్కమంచం మీద ఉన్నావిడ కూడా నవ్వింది.

అది మొదలు ఒక్క సెలైనూ తప్పలేదు. వాంతులు తెప్పించే క్యాన్సర్ మందు కొన్ని నెలలకు పూర్తయింది, తర్వాత యాంటీబాడీ మందు ఒక్కటే మిగిలింది. నడుమ ఒకసారి గుండె పరీక్షలో తేడా కనపడి, అందరి గుండెలూ జారాయి. మళ్ళీ చూస్తే సర్దుకుంది. జుట్టు మొలిచింది, ముందుకంటే ఉంగరాలు తిరిగి. అద్దంలో చూసుకుని, "ఎవరిదో జుట్టు నాకు కుట్టారు" అంది. రోగం మళ్ళీ రాదని డాక్టరు ఎన్నడూ అనలేదు. అడిగిన ప్రతిసారీ, చూస్తూ ఉందాం అన్నాడు. ఆమె కూడా అడగడం మానేసి, చూస్తూ ఉండటం మొదలుపెట్టింది.

ఈలోగా చిన్నకోడలికి దూరపు ఊళ్ళోని పెద్ద ఆస్పత్రినుంచి పిలుపు వచ్చింది. అక్కడ కొత్తగా కణాల గది కడుతున్నారు. ఎవరి గడ్డలోంచి తీసిన కణాలు వారి పేరున పెంచి, ఏ మందుకు ఊరుకుంటాయో చూసే ప్రయత్నం. మొలిపించడం నేర్పడానికి మూడు నెలలు ఆమెను పంపమన్నారు. ల్యాబు చదువులో మొదటిసారి తప్పిన మనిషి పదిమందికి గురువుగా వెళ్ళడమంటే చిన్న విషయమా. పెద్దమేడమ్ ఆ కబురు చెబుతూ ఈసారి నాలుగు మాటలు వాడింది. చిన్నకోడలు మాత్రం వెళ్ళనంది. అక్కకు ఇంకా ఐదు సెలైన్లు మిగిలాయంది.

ఆ మాట కత్తెరక్క చెవిన పడింది. మిషను ఆపలేదు. కుడుతూనే, గుండుసూదులు పెదాల మధ్య ఉంచుకునే, చెప్పింది.

"నేను మానేస్తానని కదా నీ భయం. మానెయ్యను. నువ్వు లేనప్పుడు నాలుగు వేయించుకుంటాను, తోడుకు అత్తయ్య ఉంది, మీ బావ ఉన్నాడు. ఆఖరిది మాత్రం నువ్వు పక్కన కూర్చోవాలి. రాకపోతే నేను మంచమెక్కను, సెలైను వాళ్ళనే ఎక్కించుకోమంటాను."

"అక్కా, నిజంగా వెళ్ళనా?"

"భుజాలు కుంగదీసుకోకుండా వెళ్ళు. కొత్త కోట్లు రెండు కుట్టాను. చంకలు చూసుకో."

చిన్నకోడలు వెళ్ళింది. నాలుగింట మూడు సెలైన్లు అయిపోయాయి, నాలుగోది ఈ వారమే. దేనికీ బతిమాలించుకోలేదని అత్తగారు ఫోనులో గొప్పగా చెబుతోంది. అక్కడ చిన్నకోడలు మొలిపించిన రెండో ముక్క అడుగును పట్టుకుందట. ఆ ఊళ్ళోనూ ఎవరో "అతుక్కున్నాయి" అన్నారట. కత్తెరక్క ఆఖరి సెలైను నవంబరు ఇరవై, గురువారం, పొద్దున తొమ్మిదింటికి. చిన్నకోడలు రైలు దిగేది ఆ ముందురోజు, నవంబరు పంతొమ్మిది, బుధవారం.